శైలజ కట్టిన రెండో కెమెరా

నిన్న పొద్దున పెనుకొండ బస్టాండ్‌లో ఉండగా ధర్మవరం నుంచి ఫోన్. శైలజ తమ్ముడు.

"అక్కా, శైలక్క పోయింది."

"యాడికి?" అని అడిగాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

మూడు రోజుల డెంగీ జ్వరం. అంతే.

ముప్పై ఆరేళ్లు దానికి.

హిందూపురం హాస్టల్లో మేమిద్దరం నాలుగేళ్లు రూమ్మేట్స్. వాళ్లది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. చదువయ్యాక బెంగళూరులో ఒక ల్యాబ్‌లో చేరింది. పెద్ద బెలూన్‌కి కట్టి ఆకాశంలోకి పంపే టెలిస్కోప్‌కి కెమెరా తయారుచేసే టీమ్.

ఒకసారి మా ఇంటికొస్తే మా అవ్వ పట్టుకుంది.

"బెలూన్‌కి కెమెరా కట్టి ఎవురి ఫోటో తీస్తాండావే?"

"న్యూట్రినో అని ఉండాది అవ్వా. శానా దూరం నుంచి వస్తాది, కంటికి కనపడదు. భూమిలో ఈ పక్క దూరి ఆ పక్క పోతాది. ఎప్పుడో ఒగటి దేనికన్నా తగిలితే సన్న వెలుగు వస్తాది. రెప్పపాటు గూడా ఉండదు. దాన్ని పైనుంచి పట్టే కెమెరా మాది."

"ఇంతవరకు ఎన్ని పట్టినావు?"

"ఒగటి గూడా లేదవ్వా!" అని పడీపడీ నవ్వింది.

ఆరేళ్లు ఆ కెమెరా మీదే పనిచేసింది. బెలూన్ ఎగిరిన రెండో రోజే లీకై సముద్రంలో పడింది. కెమెరా దొరకలేదు.

ఇంటికి పోలేక శైలు నా దగ్గరికొచ్చింది. "నాయనకు ఏమని చెప్పాల?" అని ఒకటే ఏడుపు. నేనే బస్సెక్కించి ధర్మవరం తీసుకెళ్లాను.

వాళ్ల నాయన మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి అంతా విన్నారు.

"పడేదాకా నీ కెమెరా పని చేసిందా?"

"చేసింది నాయనా."

"అట్లయితే ఇంగొగటి చెయ్యి. ముందు అన్నం తిను."

చేసింది. మళ్లీ మొదటి నుంచి. ఐదేళ్లు పట్టింది.

పోయిన నెలలో దాన్ని ప్యాక్ చేసి బెలూన్ ఎగరేసే చోటికి పంపారు. "ఈసారి పడదులేవే" అని నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

ఆఫీసు పనిలో ఉండి బదులుగా ఒక థంబ్సప్ బొమ్మ పెట్టి ఊరుకున్నాను. తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం ధర్మవరంలో అంతా అయిపోయాక నాయన నన్ను పక్కకు పిలిచారు. నేనూ ఆయన్ని నాయనా అనే పిలుస్తాను.

"అమ్మా, ఆ కెమెరా ఎప్పుడు పైకి పోతాది?"

"తెలీదు నాయనా. కనుక్కోని చెప్తా."

"ఆ పొద్దు తప్పకుండా చెప్పు. పాప ఉన్నింటే అదే ఫోన్ చేసేది."

శైలూ, శానా కష్టపడినావే.

ఇంక నీకు నెమ్మది దొరకాలి. పోయి రా తల్లీ.