అండాలమ్మ సీతాఫలం పానకం

1961లో దసరా పోయి చలి తిరగగానే, హనుమకొండలో వైకుంఠం సోడా దుకాణానికి గిరాకీ తగ్గిపోయింది. ఎండాకాలం దాకా మూసేద్దామనుకున్నాడు. భార్య అండాలమ్మ ఒప్పుకోలేదు. సీతాఫలాల గింజలు తీసి, గుజ్జును కాచి చల్లార్చిన పాలలో వేసి కవ్వంతో చిలికింది. అందులో బెల్లం, శొంఠి, మిరియాల పొడి కలిపింది.

"పండ్లల్ల మిరియాలేందే? ఎవలు తాగుతరు?" అన్నాడు వైకుంఠం.

"జర తాగి చెప్పుండ్రి."

అతను గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ నింపుకోబోయాడు.

"ఇగ మీకు సాలు. మిగిలింది గిరాకులకు," అంటూ అండాలమ్మ కుండ ఎత్తుకుని దుకాణంలోకి నడిచింది. సాయంత్రానికి కుండ ఖాళీ అయింది. మరునాడు కాలేజీ పిల్లలు దోస్తులను వెంటబెట్టుకొచ్చారు. ఆపై ఏటా చలికాలంలో సీతాఫలాలు దొరికినన్నాళ్లూ దుకాణంలో అండాలమ్మే కూర్చునేది. వైకుంఠం గింజలు తీసేవాడు.