సాయంత్రం ఏడింటి జమేదారు

డిటెక్టివ్ జమేదారు ఉప్పలయ్యకు ఒకటే ప్రశ్న వచ్చు: "సాయంత్రం ఏడింటికి ఏడున్నవ్?" దొంగనూ అదే అడిగేవాడు, సొమ్ము పోయినవాణ్నీ అదే అడిగేవాడు. ఇద్దరి దగ్గరా మామూలు పుచ్చుకునేవాడు. వరంగల్ స్టేషన్ దగ్గర మా చాయ్ హోటల్ ఆయనకు రెండో ఠాణా. నేను ఆయన పర్మనెంటు పంచ్ సాక్షిని. ఎక్కడ సోదా జరిగినా చూసినట్టు, తెల్లకాగితాల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేవాణ్ని.

డెబ్బై తొమ్మిదిలో, ఒక ఆదివారం, రైస్‌మిల్లు రాజేశ్వర్ రావు ఇంట్లో రేడియో పోయింది. మంగళవారం ఉప్పలయ్య రిక్షా జలాల్‌ను లోపలేశాడు. ఏడింటికి స్టేషన్ ముందు సవారీ కోసం చూస్తున్నానన్నాడు పాపం జలాల్. సాక్షి లేడు. నెలలు నిండిన అతని భార్య ఫాతిమా బేగం వచ్చి ఠాణా మెట్ల మీద కూర్చుంది.

"జమేదార్ సాబ్, మా ఆయన దొంగ గాదు."

"మరెవరు?"

"గది కనుక్కునే నౌకరీ మీదే గద!"

ఆ మాట ఆయన బుర్రలో తిష్ట వేసింది. అప్పటినుంచి కనబడ్డవాళ్లందరినీ ఏడింటి లెక్క అడగసాగాడు. పూజారిని హారతి మధ్యలో అడిగాడు. మా బర్రెను అడిగాడు. చివరికి మంగలి దుకాణంలో, ముఖం నిండా నురగతో, అద్దాన్ని గద్దించాడు: "నువ్వు చెప్పురా, ఏడున్నవ్?" మంగలి కొమురెల్లి కత్తి పట్టుకునే బయటికి ఉరికాడు.

శుక్రవారం పొద్దున నా దగ్గరికి వచ్చాడు.

"నడువన్నా, సోదా ఉన్నది."

"నేనెందుకు? సంతకం పెట్టిచ్చిన గద!"

"ఈసారి చూసి పెట్టాలె."

"ఎవరింట్ల?"

"మా ఇంట్ల."

తన తలుపు తానే లాఠీతో కొట్టాడు. భార్య సమ్మమ్మ తీసింది. "ఉప్పలయ్య అనేటోడు ఉన్నడా?" అని అడిగాడు. ఆవిడ నావైపు చూసింది, నేను నా చెప్పులవైపు చూశాను. ఆయన లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనకనుంచి రాజేశ్వర్ రావు రేడియో తీశాడు. అసలు దొంగను వదిలేసినందుకు ముట్టిన మామూలు!

"దొరికిండన్నా!" కేసు తేలిన సంబరం ఆయన కళ్లల్లో. "సోమవారం ఏడింటికి దొంగతోని కూసోని చాయ్ తాగిండు, నీ హోటల్లనే."

నిజమే. పోసింది నేనే. నాకు సిగ్గేసింది. జన్మలో మొదటిసారి పంచనామా చదివి సంతకం పెట్టాను.

ఆ పూటే జలాల్‌ను వదిలారు. ఉప్పలయ్యకు పిచ్చెక్కిందని రాసి ఇన్‌స్పెక్టరు దవాఖానకు పంపాడు. మామూలు తిన్న పోలీసు తానే ఒప్పుకోవడానికి ఆయనకు ఇంకో కారణం తోచలేదు.

నెలకు ఉప్పలయ్య తిరిగొచ్చాడు. నౌకరీ పోయింది, ప్రశ్న కూడా పోయింది. మా హోటల్లో మూలకు కూర్చున్నాడు. అంతలో జలాల్ రిక్షా ఆపి సీదా ఆయన ముందుకు వచ్చాడు. కొట్లాటవుతుందేమోనని నేను చాయ్ గిన్నె కింద పెట్టాను.

"సాబ్, ఎల్లుండి సాయంత్రం ఏడింటికి ఏడుంటరు?"

ఉప్పలయ్య బిక్కమొహం వేశాడు. "ఎందుకు?"

"బిడ్డ పుట్టింది. దావత్ చేస్తాన్నం. లోపలేసింది మీరే, బయటికి తీసింది మీరే. తోలుకరమ్మని ఫాతిమా హుకుం."

ఉప్పలయ్య చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వు గూడ రావాలె అన్నా. నేను ఆడ్నే ఉన్ననని సాక్షి ఉండాలె."