అంతర్ముఖి

తిరువూరులో ఓ ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెప్పే శ్యామలాదేవికి మనిషి కనబడగానే స్వభావం తేల్చేయడం అలవాటు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఎదుటివాళ్ళని ఓసారి ఎగాదిగా చూసేది, అంతే. బస్సులో లొడలొడా మాట్లాడే కండక్టరు బహిర్ముఖుడు. తూచిన పప్పుని మళ్ళీ తూచే కిరాణా కొట్టు సీతారామాంజనేయులు బాధ్యతాపరుడు. మూర్తిమత్వ లక్షణాల పాఠంలో ఆవిడ ఉదాహరణలన్నీ ఊళ్ళోవాళ్ళే. కిందటేడు తన క్లాసులో చదివే ఓ పిల్ల తల్లి నాగేంద్రమ్మ వినగడప నుంచి వచ్చి, "మా సాయిప్రసన్న పిలిస్తే పలకట్లేదండి, ఎవరితోనూ కలవట్లేదు. డాక్టరుకి చూపించమంటారా?" అని అడిగింది. "మీ అమ్మాయి అంతర్ముఖి అండి, పుట్టుకతో వచ్చిన స్వభావం. దానికి డాక్టరెందుకు?" అని నవ్వి పంపేసింది శ్యామలాదేవి.

నిన్న ఆ తల్లీకూతుళ్ళు స్టాఫ్‌రూముకి వచ్చారు. పిల్ల చెవికి మిషను ఉంది. "లోపల చీము పట్టి రెండు చెవులూ దెబ్బతిన్నాయటండి. ఏడాది ముందొస్తే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు బెజవాడ డాక్టరు. ఇకనుంచి ముందు బెంచీలో కూర్చోబెట్టండి మేడమ్," అంది నాగేంద్రమ్మ. ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. శ్యామలాదేవికి ఆ తల్లి మొహంలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు. లేచి, తోటి లెక్చరర్లకి వినబడకుండా పిల్ల దగ్గరికి వంగి, "తప్పు నాదేనమ్మా," అని గొణిగింది.

సాయిప్రసన్న ఆవిడ పెదాల వంకే చూస్తూ, "వినబడలేదు మేడమ్," అంది.

గదిలో అందరూ తలెత్తి ఇటే చూశారు. శ్యామలాదేవి నిటారుగా నిలబడి, గొంతు పెంచి, అదే మాట మళ్ళీ చెప్పింది.