లైను నేను కట్ చెయ్య

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వీధిలో పాలు పోసే నర్సమ్మ. ఆమె పెద్ద బిడ్డను వనపర్తిలో, పూర్వం మేమున్న సందులోనే ఇచ్చారు. గద్వాలలో మా గడప దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లోపల కంప్యూటరు పక్కనున్న యూపీఎస్ కీచుకీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ మోతలోనే నర్సమ్మ చెంబు వంచుతూ, "మీ వనపర్తి టెలిఫోనమ్మ పోయిందంట గదమ్మా. మొన్న ఐతారం నాడు. మా బిడ్డె చెప్పింది" అంది. గిన్నె నిండి పాలు చేతి మీదికి కారుతున్నా నేను కదల్లేదు. మామూలుగా ఆ కీచు వినగానే పరుగెత్తి ఏదో ఒకటి నొక్కాలనిపిస్తుంది నాకు. ఆ రోజు మాత్రం చెవి పక్కనే ఎవరో, "జర ఆగు. ముందుగాల చేతులు ఒళ్ళో పెట్టుకో" అన్నట్టయింది.

సుభద్రాబాయిని ఎరగనివారికి ముందు ఆమె గొంతు గురించే చెప్పాలి. కొంచెం బొంగురు, తొందరన్నది తెలియని గొంతు. ఇరవై రెండేళ్ళు వనపర్తి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని గద్వాలనూ నాగర్‌కర్నూలునూ కల్వకుర్తినీ కలిపిన గొంతు అది. ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయ్యాక ఆమెను ఒక మూల బల్ల దగ్గర కాగితాలు సర్దే పనికి వేశారు. అది సహించక ముందుగానే రిటైరై ఇంట్లో కూర్చుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నాకేమో చిన్నప్పటినుంచీ ఉబ్బసం. బడికి పంపితే వారంలో సగం దవాఖానలోనే గడిచేది కనుక, నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. తరువాత తెలుగు టైపింగు నేర్చుకుని, ఒక పాత కంప్యూటరు మీద పెళ్ళిపత్రికలూ అర్జీలూ కొట్టేదాన్ని. ఇవాళ నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే మొదట నాన్న చలవ, ఆ తరువాత గోడ అవతలి మనిషి చలవ.

రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. ఏదో ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి కొని తెచ్చింది పెద్దమ్మ. దాన్ని సర్వరు చేస్తానంది. అంటే ఆ పెట్టె ఎప్పుడూ మేలుకుని ఉండి, ఇరుగుపొరుగు కంప్యూటర్ల సామానంతా దాచిపెట్టి, అడిగినప్పుడు ఇస్తుందట. మీకెందుకమ్మా ఈ వయసులో ఈ తిప్పలు అని నాన్న నవ్వితే, "ఇరవై రెండేండ్లు ఊరికి ఊరిని కలిపిన. గోడకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు డబ్బాలను కలపలేనా?" అంది. కంప్యూటరు పత్రికతో పాటు వచ్చే సీడీలో ఆ సాఫ్ట్‌వేరు దొరికింది. ఇక మొదలయింది నా కర్మ.

ఒకసారి ఎక్కించడానికి గంటన్నర పట్టేది. నూటికి తొంభై వంతులు అయ్యాక ఆగిపోయేది. లేదా కరెంటు పోయేది. మళ్ళీ మొదటినుంచి. ఐదుసార్లు ఎక్కించాం. ఐదోసారి అంతా బాగుందనుకుంటే, నెట్‌వర్కు కార్డు అనే ముక్క ఉన్నట్టే ఆ పెట్టెకు తెలియదంది. నాకు ఒళ్ళు మండిపోయేది. తెర మీద ఏదైనా తప్పని కనిపించగానే ఎంటరు కొట్టేదాన్ని, ఆర్పి వెలిగించేదాన్ని, కుదరకపోతే కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలచుకుని మళ్ళీ కొట్టేదాన్ని. పెద్దమ్మ నా చేతులు పట్టి ఒళ్ళో పెట్టేది. తెర మీదున్న ప్రతి అక్షరమూ పైకి చదవమనేది, చివరి చుక్కదాకా. తెలియని మాట వస్తే నిఘంటువు తీయమనేది. చదివింది నోటుబుక్కులో రాసేదాకా మీట ముట్టనిచ్చేది కాదు. పది నిమిషాల పని పూట పట్టేది. ఒకనాడు నేను విసిగి దేవుడి మీద భారం వేస్తే మాత్రం ఊరుకోలేదు. "దేవునికి దండం పెట్టు, మంచిదే. గని తెర మీద రాసింది సదివే పని గూడ ఆయనకే చెప్పకు. అది నీ పని" అంది.

అంత నిదానమైన మనిషీ ఒకచోట బోల్తా కొట్టింది. గోడకు బెజ్జం కొట్టి రెండు ఇళ్ళకూ వైరు లాగాం. అందులో ఎనిమిది రంగుల పోగులు. వాటిని చివర బిగించడం తనకు నిద్రలో కూడా వచ్చన్నట్టు చకచకా బిగించింది. చిన్న కాగితం పంపితే అవతలికి చేరేది, పెద్దది పంపితే సగంలో తెగేది. రెండు వారాలు సాఫ్ట్‌వేరును తిట్టుకున్నాం. పేజీలకు పేజీలు నోటుబుక్కు నిండింది. చివరికి పత్రికలో ఒక బొమ్మ చూసి పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. ఫోను వైర్లలో జతలు పెట్టే వరస ఒకటి, కంప్యూటరు వైర్లలో పెట్టే వరస ఇంకొకటి. తాను ఫోను వరసలో బిగించింది. గోడ మీదుగా మా అమ్మను కేకేసి, "చెల్లే, ఇనవా, ఇరవై రెండేండ్ల సర్వీసే నా కొంప ముంచింది" అని పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రెండు వారాలూ ఎవరిస్తారనిపించింది.

ఆ యేడే అమ్మకు గొంతు జబ్బు బయటపడింది. హైదరాబాదు డాక్టర్లు ఆపరేషను తప్పదన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదని నాన్నతో చెప్పారు. మూడు వారాలు గడువు. మా అమ్మకు అక్షరం రాదు, కానీ పాటలు లెక్కలేనన్ని వచ్చు. బతుకమ్మ పాటలు, హారతులు, తత్వాలు, గట్టు అనే ఊరి దగ్గరి తన పుట్టింట్లో విసుర్రాయి ముందు నేర్చిన పాటలు. అవేవీ కాగితం మీద లేవు. ఆ గొంతులో తప్ప ఎక్కడా లేవు. ఆ మాట అందరి మనసులోనూ ఉంది కానీ పైకి అన్నది పెద్దమ్మే. రోజూ పొద్దున అమ్మ చేత రెండు మూడు పాడించి మా కంప్యూటరులో పట్టాలని, సాయంత్రం వాటిని గోడ అవతలి పెట్టెలోకి పంపి రెండో ప్రతి దాచాలని ఏర్పాటు చేసింది. మా కంప్యూటరు ముసలిదై మూలుగుతోంది, దాన్ని నమ్మకూడదంది. క్రితంసారి పంపిన తేదీ తరువాత కొత్తగా చేరినవాటిని మాత్రమే మోసుకుపోయే చిన్న ప్రోగ్రాము ఒకటి పెట్టింది. నేను దాన్ని నడిపి, అది చెప్పేది చదవాలి. అంతే నా పని.

మొదటి నాలుగు రోజులూ చదివాను. తొమ్మిది పాటలు అవతలికి చేరాయి. ఐదో రోజు నుంచి కరెంటు రోజుకు మూడుసార్లు పోసాగింది. ప్రతిసారీ మా కంప్యూటరు నల్ల తెర మీద రెండు వరసల ఇంగ్లీషు చూపించి, ముందుకు పోవాలంటే ఒక మీట నొక్కమనేది. నేను నొక్కేదాన్ని. వంట ఒకవైపు, అమ్మ మందులు ఒకవైపు, పెళ్ళిపత్రికలవాళ్ళు ఒకవైపు, దీని గోల ఒకవైపు. సాయంత్రం ప్రోగ్రాము నడిపితే నాలుగు వరసలు గబగబా పరుగెత్తి పని పూర్తయిందనేది. ఆ మాట చూడగానే మూసేసేదాన్ని. గోడ అవతలినుంచి పెద్దమ్మ రోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"సదివినవా?"

"చదివిన."

"కడ వరస గూడ?"

"చదివిన పెద్దమ్మా."

పదకొండు సాయంత్రాలు ఆ మాట అన్నాను. రోజూ దీపం పెట్టి, అబద్ధమాడని నోరివ్వమని వేడుకునే మనిషిని.

పదహారో రోజు పొద్దున మా కంప్యూటరు టిక్కుటిక్కుమంది, ఇక పైకి లేవలేదు. బజారులో బాగుచేసే అతను చూసి, డిస్కు పోయిందమ్మా, అందులోవి రావన్నాడు. నేను పెద్దగా బెదరలేదు. అన్నీ గోడ అవతల భద్రంగా ఉన్నాయి కదా. పెద్దమ్మ ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచి చూశాం. తొమ్మిదే ఉన్నాయి. పదకొండు రోజుల్లో పాడిన ఇరవై ఆరు పాటలూ లేవు. ఇంకో నాలుగు రోజుల్లో ఆపరేషనుకు ప్రయాణం.

పెద్దమ్మ మా ఇంటికి వచ్చి చచ్చిన కంప్యూటరునే మళ్ళీ వెలిగించమంది. ఆ రెండు వరసలూ వచ్చాయి. "పైకి సదువు" అంది. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని చదివాను. లోపల గడియారాన్ని నడిపే సెల్లు అయిపోయిందనీ, తేదీ సరిచేయమనీ ఉంది. రూపాయి బిళ్ళంత సెల్లు అది. కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటరు తనకు తెలిసిన తొలి తేదీకి, ఐదారేళ్ళ వెనక్కు పోతోంది. అమ్మ ఇవాళ పాడిన పాట మీద ఎప్పటిదో తేదీ పడుతోంది. కొత్తవాటినే మోసే ప్రోగ్రాము, ఇవి పాతవనుకుని వదిలేస్తోంది. ఆ సంగతీ అది దాచలేదు. పంపినవి సున్నా అని కడ వరసలో ప్రతి సాయంత్రమూ రాసింది.

"దాని తప్పేం లేదు" అంది పెద్దమ్మ. "దానికి ఇయ్యాల ఏ దినమో తెల్వదు. తెల్వదని నీకు చెప్పింది గూడ."

నేను చదవలేదని ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె తన చేతులు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ధరూర్ వైపు నుంచి ఒక పెద్దమనిషి కొడుకుతో మాట్లాడుతున్నాడట. మాట ఆగింది. బోర్డు మీద ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. "అయిపోయిందనుకుని తీగ పీకిన. ఆయన ఊపిరి తీసుకుంటుండెనట బిడ్డా. మల్ల కలిపే సరికి అవతల ఎవ్వరు ఎత్తలే. ఏం చెప్పబోయిండో నాకు ఇప్పటికి తెల్వదు." ఆమె నిదానం పుట్టుకతో వచ్చింది కాదని నాకు ఆ రోజు తెలిసింది. దాని మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో తలచుకుని సిగ్గుపడ్డాను.

అమ్మతో ఆ సంగతి పెద్దమ్మే చెప్పింది. అమ్మ నావైపు చూసి, "పోతే పోయినయి తియ్యి. గొంతు ఎంతదాక వస్తే అంతదాక మల్ల పాడుత. నువ్వు ఏడ్వకు, నీకు దమ్ము లేస్తది" అంది. డాక్టరు ఎక్కువ శ్రమ వద్దన్నారు. అందుకని ఇష్టమైనవి ఏరుకుంది. మైకు పెద్దమ్మ ఇంటికి మోసుకుపోయి నేరుగా ఆ పెట్టెలోనే పట్టాం. కానీ పెద్దమ్మకు ఇక ఏ కంప్యూటరు గడియారం మీదా నమ్మకం లేదు. ఎక్స్ఛేంజిలో ప్రతి ట్రంకు కాలుకూ చీటీ మీద వేళ రాసినట్టు, ప్రతి పాటకు ముందు తన గొంతుతోనే చెబుతానంది. మొదటి పాట ఇప్పటికీ ఇలా మొదలవుతుంది:

"సోమవారం. పొద్దుగాల తొమ్మిది ఇరవై. వనపర్తి. మాట్లాడుండ్రి."

వెంటనే అమ్మ గొంతు, నవ్వు ఆపుకుంటూ: "మాట్లాడాల్నా, పాడాల్నా అక్కా?"

నేను విసుక్కున్నాను. చక్కని పాటకు ముందు ఈ స్టేషను మాస్టరు గోల ఏమిటని. ఆమె వినలేదు. నాలుగు రోజుల్లో పద్నాలుగు పాటలు, పద్నాలుగుసార్లు వారమూ వేళా. ప్రతిదాని తరువాత నా చేత కడ వరస చదివించి నోటుబుక్కులో సంతకం పెట్టించింది.

చివరి రోజు చివరిది విసుర్రాయి పాట. అమ్మకు వాళ్ళమ్మ నుంచి వచ్చింది. రెండు చరణాలు పాడేసరికి గొంతు పట్టేసింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను ఆపేద్దామని చెయ్యి చాచాను. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. రికార్డులో అదంతా ఉంది. దగ్గు, మంచినీళ్ళ గ్లాసు చప్పుడు, ఆపైన ఆమె మాట: "ఊపిరి తీసుకో చెల్లే. ఎంతసేపన్న గాని. లైను నేను కట్ చెయ్య." ఆ తరువాత నాలుగు నిమిషాలు ఏమీ లేదు. బయట సందులో ఒక ఆటో పోతుంది. ఆ నాలుగు నిమిషాల చివర మూడో చరణం మొదటి మాట ఒక్కటి, లోగొంతుకతో, వినబడీ వినబడకుండా వస్తుంది. మా అమ్మ పాడిన చివరి మాట అదే.

ఆపరేషను తరువాత అమ్మ తొమ్మిదేళ్ళు బతికింది. భగవంతుడి దయ. నాన్న నాకు చెప్పినట్టే నేను ఆమెకు ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాను. పలక మీద మొదట తన పేరు రాసింది, రెండోది "అక్క" అని రాసి గోడ మీదుగా చూపించింది. పోయిన ఇరవై ఆరులో నాకు పేరు కూడా గుర్తులేనివి కొన్ని ఉన్నాయి. వాటికి నేను బాధ్యురాలిని. దాన్ని తీర్చే పూజ ఏదీ నాకు దొరకలేదు. కనుక తెర మీద వచ్చిన ప్రతి వరసా చివరిదాకా చదువుతాను. మనుషులు మాట ఆపితే, అయిపోయిందని అనుకోను.

నర్సమ్మ వెళ్ళాక, కరెంటు వచ్చాక, విసుర్రాయి పాట పెట్టుకుని ఆ నాలుగు నిమిషాలూ కదలకుండా విన్నాను. పెద్దమ్మ ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఉన్నది ఆ పద్నాలుగుసార్లు పలికిన వారమూ వేళా మాత్రమే.

మా అమ్మ పాటలు ఇప్పుడు బంధువుల ఫోన్లలో ఊరూరూ తిరుగుతున్నాయి. ముందున్న ఆ మాటలు కత్తిరించి పంపమని చాలామంది అడుగుతారు. నేను కత్తిరించను. ఎప్పుడైనా మీకు అలాంటి పాట ఒకటి వినబడి, దాని ముందు ఒక బొంగురు గొంతు వారం చెప్పి, వేళ చెప్పి, వనపర్తి అని, మాట్లాడమంటే, దయచేసి ముందుకు జరపకండి. ఆవిడ పేరు సుభద్రాబాయి. ఒక్క క్షణం చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమెను తలచుకోండి.