మా అత్త నడిచొచ్చిన పొద్దు

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు పట్నాలకు పోతారు. నేను చండ్రుగొండ అవతల, అడవి అంచున, మా మేనత్త మిరపచేనులోనే పోగొట్టుకున్నాను. పోతూ పోతూ వాళ్లింటి తలుపు గడియ కూడా ఊడగొట్టించాను. నవ్వదలిచినవాళ్లు సర్దుకుని కూర్చోండి. మధ్యలో ఒళ్లు జలదరిస్తే మాత్రం నా పూచీ లేదు.

తొంభైల నాటి మాట. మా రాజ్యమత్తకు హైదరాబాదులో అరిగిపోయిన కుడి మోకీలు తీసేసి కొత్తది పెట్టారు. కుట్లు మానాక డాక్టరు చెప్పాడు: "ఛాతీలోతు నీళ్లలో నడిపించండి. బరువు నీళ్లు మోస్తాయి, కాలికి ధైర్యం వస్తుంది. మళ్లీ నాకు చూపించేలోగా వాకర్ వదలకపోతే మోకాలు బిగుసుకుపోతుంది." ఆ నాలుగు కాళ్ల చట్రాన్ని అత్త వదిలితే ఒట్టు. మిరప కోతల నాటికి తన చేను తానే తిరిగి చూసుకోవాలని ఆవిడ ఆశ. చెయ్యి వదిలితే పడిపోతానని అంతకు రెట్టింపు భయం.

మా దగ్గర ఈతకొలను ఎక్కడిది? బోరు కింద సిమెంటు తొట్టి ఉంది, చిన్న గదంత. మామయ్య దానికి మెట్లు కట్టించాడు. చలికాలం పొద్దున్నే బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఆవిర్లు లేస్తాయి. "కూలోళ్లు రాకముందే దిగుత. నన్ను చూసి నవ్వుతరు" అని అత్త పట్టు పట్టింది. డిగ్రీ పూర్తిచేసి ఊరికే తిని కూర్చున్న నన్ను కాపలా పెట్టారు.

చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? మా వైపు పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండు సొరబుర్రలు కడతారు, మునగకుండా. మొదటిరోజు పొద్దున్నే అటక మీది బుర్రలన్నీ దించి అత్త నడుము చుట్టూ కట్టేశాను. చీర కాళ్లకు చుట్టుకుంటోందని ఆవిడ మామయ్య తెల్లపంచె కట్టుకుంది. ఆ వేషం చూసి నేనే ముందు నవ్వాను.

ముందురోజు సాయంత్రం ఖమ్మం బస్సెక్కబోతూ మామయ్య నా చెవిలో ఒక మాట వేసి పోయాడు.

"అల్లుడా, మంచు పట్టిన పొద్దు జర పైలం. అడవిలకెల్లి ఒకామె వస్తదంటరు. మనోళ్ల గొంతుతోనే పిలుస్తదట. మూడోసారి పిలిస్తేనే పలకాలె. అది రెండుసార్లే పిలుస్తది."

"గివన్నీ నమ్ముతవా మామా?" అని పకపకా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకే నన్ను కొట్టాలనిపిస్తుంది.

తెల్లారింది గాని వెలుతురు రాలేదు. మంచు, ఆవిరి కలిసి తొట్టిలో అత్త తల తప్ప ఏమీ కనబడటం లేదు. అడవి వైపు ఒక్క పిట్ట కూడా కూయలేదు. నేను గట్టు మీద వాకర్ పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి గుడుక్, గుడుక్ అని చప్పుడు. ఎవరో దాహంతో గుటకలు వేస్తున్నట్టుంది. ఆ వెనకే, "ఊఁ..." అని సన్నటి మూలుగు.

"అత్తా, ఏంది? నువ్వేనా మూలిగింది?"

"నేను కాదురా."

"మరెవరు?"

అత్త కదలకుండా నిలబడింది. "శీనూ, నా ఎనుక ఎవరో ఉన్నట్టున్నరు రా. నడుం పట్టి కిందికి గుంజుతున్నరు."

వీరుడైతే నీళ్లలోకి దూకేవాడు. నేను లేచి, వాకర్ చంకన పెట్టుకుని ఇంటి వైపు లంఘించాను. దాన్నెందుకు తీసుకెళ్లానని అడక్కండి. ఏదో ఆయుధం ఉండాలనుకున్నానేమో. తలుపు వేసి, గడియ పెట్టి, కిటికీ సందులోంచి చూశాను.

మిరప సాళ్ల మధ్య మంచులోంచి తెల్లగా ఒక ఆకారం వస్తోంది. జుట్టు విరబోసుకుని ఉంది. నడుము చుట్టూ తలకాయలు వేలాడుతున్నాయి. పట్టుకోవడానికి ఏమీ లేకుండా, తిన్నగా నడిచొస్తోంది.

"శీనూ, తలుపు తియ్."

ఒకటి, అని లెక్కపెట్టుకున్నాను.

"శీనుగా, సలితో సస్తున్న. తియ్‌రా."

రెండయ్యాయి. మూడో పిలుపు కోసం ఎదురు చూశాను. రాలేదు. ఎందుకొస్తుంది, ఆవిడ అప్పటికే తిట్లకు దిగింది.

"నువ్వు మా అత్తవు కాదు" అన్నాను.

"మరెవర్ని రా, దొంగసచ్చినోడా?"

"మా అత్త వాకర్ లేకుంటే అడుగెయ్యదు. నువ్వు నడిచొచ్చినవు. వాకర్ నా దగ్గరే ఉంది."

వెంటనే తలుపు మీద ధడేలుమని ఒక తన్ను. గడియ ఊడి నా కాళ్ల దగ్గర పడింది. గుమ్మంలో అత్త, నీళ్లోడుతూ నిలబడి ఉంది. నడుముకున్న బుర్రల్లోంచి నీళ్లు గుడుక్ గుడుక్‌మని కారుతున్నాయి.

"బుర్రల మూతులకు బిరడాలు పెట్టలే నువ్వు. లోపలి గాలి మూలుక్కుంట పోయి, నీళ్లు నిండి నన్ను గుంజినయ్" అంటూ చెయ్యెత్తి, సగంలో ఆగిపోయింది. తలవంచి తన కాళ్లకేసి చూసుకుంది.

"శీనూ, ఏ కాలుతో తన్నిన రా?"

"కుడికాలే అత్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ గుమ్మంలోనే కూలబడి నవ్వింది, ఏడ్చింది. నా వీపు మీద రెండు దెబ్బలూ వేసింది. నాకూ ఏడుపొచ్చింది. సంతోషమో, దెబ్బల నొప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత హైదరాబాదులో డాక్టరు మోకాలు వంచి చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత తొందరగా ఎలా వదిలేశారమ్మా వాకర్‌ని?"

"నేనెక్కడ వదిలిన సారూ," అంది అత్త నన్ను చూపించి, "ఈడే ఎత్తుకొని ఉరికిండు."

అందుకే పాఠక మహాశయులారా, సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దయ్యమొచ్చినా, భూతమొచ్చినా పరుగు మానను, అది నా చేతిలో లేదు. కానీ ఇకమీదట పరుగెత్తేటప్పుడు ఉత్త చేతులతోనే పరుగెత్తుతాను.