అమ్మమ్మ ముడి

మా అమ్మమ్మ యాభై ఏళ్లు బట్టలు కుట్టింది. ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించి బయటికి పంపాక, నన్నూ తన మిషను పక్కన కూర్చోబెట్టి కాజాలు కుట్టించింది. నా కాజాల్లో బొత్తం కాదు, బొప్పాయి పట్టేది.

ఆరు నెలల కిందట ఆమె కుడిచేతికి పక్షవాతం వచ్చింది. వేళ్లు కదులుతాయి గానీ మాట వినవు, అచ్చం నాలాగే. దాంతో మామయ్య మిషనుకు బేరం కుదిర్చేశాడు. సోమవారం పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తారు. తల్లి మనసు కష్టపెట్టుకుంటుందని ముందురోజు పడవ మాట్లాడి, మమ్మల్ని అఖాతంలో చేపలు పట్టడానికి తీసుకెళ్లాడు. తోడుగా అమ్మమ్మ స్నేహితురాలు, బొత్తాల కొట్టు మామ్మ కూడా బయల్దేరింది.

పడవ సరంగు మహా మర్యాదస్తుడు. ఎర తనే గుచ్చుతాడు, గాలం తనే విసురుతాడు, చేప తగిలితే గాలం కర్ర అందుకుని సగం తనే లాగుతాడు. మనం ఫోటోకి నవ్వితే చాలు.

అమ్మమ్మ ఎక్కగానే నెత్తిమీది గుడ్డ పందిరి చూసింది.

"ఈ కుట్టెవరు వేశారు నాయనా? కోడి కెలికినట్టుంది."

"నేనేనండి."

"తెలుస్తూనే ఉంది."

ఒడ్డు దాటాక ఆమె మామయ్య వైపు తిరిగింది. "ఒరేయ్, కర్ర ఎవరూ ముట్టకుండా నేనొక్క చేప పట్టానంటే మిషను ఇంట్లోనే ఉంటుంది. పట్టలేకపోతే రేపు నేనే దాన్ని తుడిచి అప్పగిస్తా."

మామయ్య నవ్వి, "సరేనమ్మా," అన్నాడు. చేపలు తన పక్షమని ఆయన ధైర్యం.

సరంగు గాలానికి ముడి వేయబోతే అమ్మమ్మ లాక్కుంది. "ఊరందరి బట్టలూ నా ముడి మీదే నిలబడ్డాయి. నువ్వు నాకు నేర్పుతావా?" కుట్టు చివర వేసే ముడే, ఎడమచేత్తో ఠక్కున వేసేసింది.

అరగంటకు కర్ర వంగింది. మేమంతా లేచాం. అంతలోనే కర్ర నిటారుగా నిలబడిపోయింది. సరంగు నైలాన్ దారం పైకి లాగి చూశాడు. కొస పందితోకలా చుట్టుకుని ఉంది.

"తెగలేదండి. ముడి జారింది. ఇది నూలు కాదు, నున్నగా ఉంటుంది."

"హమ్మయ్య, ఇన్నాళ్లూ మా లంగాలు నూలువి కాబట్టి బతికిపోయాం," అంది బొత్తాల మామ్మ.

"ఇక చాల్లే అమ్మా," అన్నాడు మామయ్య, మెల్లగానే.

అమ్మమ్మ ఆయన్ని చూడనే లేదు. "నీ ముడి చూపించు నాయనా. కట్టకు, చూపించు."

సరంగు వేరే ముక్కతో చూపించాడు. కొక్కెం బెజ్జంలోంచి దారం దూర్చి, అయిదు మెలికలు తిప్పి, మొదటి సందులోంచి వెనక్కి తీసి, ఉమ్మితో తడిపి బిగించాలి. దీనికి రెండు చేతులూ కావాలి. అమ్మమ్మ కుడి వేళ్లలోంచి దారం మూడుసార్లు జారింది. నేను చెయ్యి చాస్తే ఎడమచేత్తో ఒక్కటిచ్చింది. అది మాత్రం బాగానే పనిచేస్తోంది.

నాలుగోసారి అయిదు మెలికలూ నిలిచాయి. "తడపండి," అన్నాడు సరంగు.

"నువ్వు పుట్టకముందు నుంచీ దారాలు తడుపుతున్నా." నోట పెట్టి తడిపి, బిగించింది.

"ఇప్పుడు దారం చుట్టే ఈ రీలు పిడి కుడివైపుకి మార్చు."

"కుడిచేతికి పట్టు దొరకదేమోనండి..." అన్నాడు సరంగు.

"మిషను చక్రం ఏ వైపుంటుంది? మార్చు."

తర్వాత చేపలు మా సంగతే మర్చిపోయాయి. బొత్తాల మామ్మ కునికింది. ఎండ నడినెత్తికొచ్చింది. "ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయండి, ఇంకో పావుగంటలో ఒడ్డుకెళ్లిపోవాలి," అన్నాడు సరంగు. అమ్మమ్మ కర్రను ఎడమ చంకలో ఇరికించుకుని నీళ్లనే చూస్తోంది.

కర్ర ఒక్క ఊపు ఊగింది. సరంగు చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది.

"ముట్టావంటే నీళ్లలో తోస్తా!"

అమ్మమ్మ రీలు చక్రం తిప్పింది. వేళ్లు పిడి మీంచి జారాయి. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారాయి. ఈసారి అరచేత్తో నెట్టింది, మిషను చక్రాన్ని ఒళ్లోకి తిప్పుకున్నట్టు. ఒక చుట్టు, ఆగి ఇంకో చుట్టు. మామయ్య పిడికిళ్లు బిగించి, ఆమెతో పాటే గాల్లో తిప్పుతున్నాడు. తను ఎవరి పక్షమో మర్చిపోయాడు పాపం.

పడవ పక్కన నీళ్లు తెల్లగా చిమ్మాయి. సరంగు బుట్టవలతో ఎత్తాడు. జానెడు చేప.

"ఇంతేనా?" అన్నాడు మామయ్య.

"కొలతలు మాట్లాడుకోలేదుగా. ఫోన్ చెయ్యి."

"ఒడ్డుకెళ్లాక చేస్తానమ్మా."

"ఒడ్డుకెళ్తే నీకు మరుపొస్తుంది. ఇక్కడే."

మామయ్య పడవ ముక్కు మీదికెక్కి, ఫోన్ చెవిన పెట్టుకుని, బేరం వద్దని అరిచి మరీ చెప్పాడు. సరంగు కొక్కెం తీసి చేపను నీళ్లలోకి వదిలాడు. ముడిని రెండు చేతులా లాగి చూశాడు. ఊడలేదు.

సోమవారం పొద్దున మిషను కొనేవాళ్లు రావాల్సిన వేళకి సరంగు వచ్చాడు, భుజాన పడవ పందిరితో. అతని కుట్టు విప్పి ఒక్క అంచు మళ్లీ కుట్టడానికి అమ్మమ్మకి నాలుగు రోజులు పట్టింది. కుట్టు కాస్త వంకరే.

"కోడి కెలికినట్టుందే, అమ్మమ్మా," అన్నాను.

"కెలికింది నా కోడే. నువ్వు కాజాలు చూసుకో," అంది.