పన్నెండు అడుగుల గదికి పది అడుగుల జంపఖానా

సరదాకి వరంగల్ వెళ్లలేదు. సికింద్రాబాద్‌లో మా కాలనీ లైబ్రరీలో పిల్లల గది ఒకటుంది, పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు తొమ్మిది. చలికి బండల మీద కూర్చోలేక పిల్లలు రావడం మానేశారు. "ఈ ఆదివారం కూడా ఖాళీగా కనబడితే అందులో క్యారమ్ బోర్డులు వేయిస్తాను" అన్నారు సెక్రటరీ గారు. ఆ గదిని చూసుకునేది నేనే. వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడ నుంచి జంపఖానా ఒకటి కొనుక్కొద్దామని శనివారం పొద్దున ఏడింటి రైలెక్కాను. జనరల్ టికెట్టు వంద లోపే. తొమ్మిదిన్నరకు వరంగల్‌లో దిగాను.

స్టేషన్ బయట ఆటో అతను కొత్తవాడకు అరవై అడిగాడు. రోడ్డు తవ్వేశారని సందులోకి తిప్పాడు. ఆ సందు ఒక గోడ దగ్గర ఆగిపోయింది.

"ఇటు తొవ్వ ఉంటదని మనసుకు అనిపిచ్చిందక్కా."

"ఎవరినైనా అడగొచ్చు కదా?"

"పదేండ్ల సంది ఆటో నడుపుతున్న. అడిగితే నామోషి గాదా?"

ఇంకో రెండు సందుల్లో కూడా అతని మనసుకు అలాగే అనిపించింది. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది.

మొదటి దుకాణంలో యజమాని నేను చెప్పులు విప్పేలోపే మూడు జంపఖానాలు పరిచాడు. "ఎన్ని ఫీట్లు మేడం? రూం కొలత చెప్పుండ్రి. జర కూసోండ్రి, చాయ్ చెప్త." ఇంత మాట్లాడే మనిషి తప్పకుండా మోసం చేస్తాడనిపించి బయటికొచ్చేశాను. నాలుగు ఇళ్ల అవతల ఇంకో దుకాణంలో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తి చూసి మళ్లీ చదువుకున్నాడు. ఈయన మంచివాడని నాకు వెంటనే తెలిసిపోయింది. "పిల్లల గదికి" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, నీలం చారల మడత ఒకటి తెచ్చి తాడుతో కట్టాడు. రెండు వేల మూడు వందలు ఇచ్చాను. కొలత రాసుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది.

పక్క హోటల్లో ఉప్మా తింటుంటే, ఎదురుగా చాయ్ తాగుతున్న పెద్దావిడ నా మూటను ఒంటిచేత్తో లేపి దించింది. పేరు కొమురమ్మ. వెనక సందులో జంపఖానాలు నేస్తుందట.

"ఎన్ని ఫీట్లదని తీస్కున్నవ్ బిడ్డా?"

"పన్నెండు."

"ఇది పదే."

ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ ఈ ఊళ్లో అందరికీ అన్నీ తెలిసిపోతున్నాయి. హోటలాయన దగ్గర టేపు అడిగి తీసుకుని, బల్లల మధ్య పరిచి కొలిచాను. సరిగ్గా పది.

కొమురమ్మ నా వెంటే దుకాణానికి వచ్చింది. పెద్దాయన పేపరు మడిచాడు. "నువ్వు కొలత చెప్పలే గదమ్మా. మనిషిని జూస్తె ఏ సైజు గావాల్నో నాకు ఎర్కైతది."

"గది నాతో రాలేదు కదండీ" అన్నాను.

"మంచిగ కలిసిండ్రు ఇద్దరు" అంది కొమురమ్మ. "నోరు తెరిస్తె ముత్యాలు రాల్తయా?"

పన్నెండు అడుగులది ఆయన దగ్గర లేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాడు. సిగ్గు చంపుకుని మొదటి దుకాణానికి వెళ్లాను. "పొద్దుగాల ఒకటుండె మేడం. గంట కింద అమ్మిన" అన్నాడు యజమాని. మోసం చేస్తాడనుకున్న మనిషి వెనక సందులోకి చెయ్యి చూపించాడు. "కొమురమ్మ మగ్గం మీద చూడుండ్రి."

మగ్గం మీద ఉన్నది పన్నెండు అడుగులదే, ఇంకా జానెడు నేయాలి, అందుకే ఆమె ముందే చెప్పలేదట. అప్పటికి పన్నెండైంది. నా రైలు నాలుగింటికి. అది తప్పితే రాత్రి రద్దీలో ఇంత మూటతో ఎక్కలేను, గది క్యారమ్ వాళ్లదే.

"మూడింటికి ఇస్త" అంది కొమురమ్మ.

"ఐదైతది" అన్నాడు ఆమె పక్కనే కూర్చుని నేసే భర్త.

"నీకు ఐదే. నా చేతులకు మూడు."

ఈసారి ఎవరి మొహాన్నీ చూడలేదు. గడియారం, టేపు పట్టుకుని పక్కన కూర్చున్నాను. పావుగంటలో అంగుళం నేశారు. జానెడంటే తొమ్మిది అంగుళాలు. లెక్క కొమురమ్మ వైపే వచ్చింది. అంచులు ముడేసి ఆమె నా చేతికిచ్చేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. రెండు వేల ఎనిమిది వందలు తీసుకుంది.

ఆదివారం పదకొండు మంది పిల్లలు వచ్చారు. ఇద్దరు బోర్లా పడుకుని చదివారు. సెక్రటరీ గారు తలుపు దగ్గర నిలబడి చూసి, క్యారమ్ బోర్డులు వరండాలో వేయించారు. నాకు మాత్రం విసుగింకా పోలేదు, ముఖ్యంగా నా మీద. కొమురమ్మకు అనిపించడం వెనక ఆమె నేసి, మోసిన వందల జంపఖానాలున్నాయి. నేను అంతకుముందు ఒక్కటీ కొనలేదు. ఒకాయన నాలాగే మాట్లాడకుండా కూర్చున్నాడని నచ్చాడు, ఆ నచ్చడాన్నే తెలివి అనుకున్నాను. ఇప్పుడు నాకేదైనా గట్టిగా అనిపిస్తే, ఈ పని ఇంతకుముందు ఎన్నిసార్లు చేశానని ముందు లెక్కపెట్టుకుంటున్నాను.

మీరు కొత్తవాడ వెళ్తే, మూట కట్టించుకోకముందే జంపఖానాను దుకాణం నేల మీద పూర్తిగా పరిపించి, పొడవూ వెడల్పూ టేపుతో కొలవండి. మొహమాటపడితే మళ్లీ ఆటో ఎక్కాల్సి వస్తుంది.